పని పోయిన రోజే ఇంట్లో చెప్పండి

(2025 ఆగస్టు 9, ప్రపంచ ఆదివాసీ దినోత్సవం నాడు అద్దంకిలో యువతతో మాట్లాడిన మాటలు. రికార్డింగు విని రాసినవి. అక్కడక్కడా కొంచెం సరిచేశాం.)



పొద్దుట్నుంచి డప్పులు, దండలు, ర్యాలీ అన్నీ బాగా జరిగినయి. నన్ను చదువు గురించి మాట్లాడమని పిలిచారు. నాలుగు కాగితాలు రాసుకుని వచ్చా కూడా. అయితే బస్టాండు దగ్గర టీ తాగుతుంటే మన పిల్లలు నలుగురు కనపడ్డారు. ఒకడు ఐటీఐ, ఇద్దరు డిగ్రీ, ఒక చెల్లి ఇంటరు. "ఏం చేస్తున్నారు నాయనా" అన్నాను. ముగ్గురు ఫోన్లోకి చూశారు. ఒకడు మాత్రం "పోయిందన్నా" అన్నాడు. ఏం పోయిందని నేను అడగలేదు. రాసుకొచ్చిన కాగితాలు జేబులోనే ఉంచి, ఆ "పోయింది" గురించి మాట్లాడదామని నిలబడ్డా.

ముందు నా సంగతి చెప్తా. గొప్ప కాదు, సిగ్గుపడే సంగతే.

నాకు ఇరవయ్యారేళ్లప్పుడు స్పిన్నింగు మిల్లులో చేసేవాణ్ణి. ఆరేళ్లు చేశా. ఒకరోజు షిఫ్టు దిగుతుంటే సూపర్‌వైజరు "రేపట్నుంచి రాబాకు, ఆర్డర్లు లేవు" అన్నాడు. కాగితం లేదు, లెక్క లేదు. నాతోపాటు ఇంకో పదకొండు మంది. బస్సెక్కి ఇంటికొచ్చా, అన్నం తిన్నా, పడుకున్నా. చెప్పలేదు. మర్నాడు మామూలు టైముకే లేచి, నా భార్య కట్టిచ్చిన క్యారేజీ పట్టుకుని బయల్దేరా. ఎక్కడికి? గుండ్లకమ్మ గట్టుకి. సాయంత్రం దాకా అక్కడ కూర్చుని, మధ్యాహ్నం క్యారేజీ తిని, షిఫ్టు దిగే టైముకి ఇల్లు చేరేవాణ్ణి. ఇరవై రెండు రోజులు ఇట్టా నడిచింది. నెలాఖరుకి జీతం చూపించాలిగదా, పది రూపాయల వడ్డీకి అప్పు తెచ్చి జీతమని చేతిలో పెట్టా.

నా భార్యకి మూడో రోజే తెలిసిందంట. ఎట్టా తెలిసిందని తర్వాత అడిగా. "నీ చొక్కా మీద దూది లేదు" అంది. మిల్లులో పనిచేసే వాడి చొక్కా ఉతికే మనిషికి తెలియకుండా ఉంటుందా! నాకు సిగ్గవుతుందని తను అడగలేదు, తనకి దిగులవుతుందని నేను చెప్పలేదు. మధ్యలో పది రూపాయల వడ్డీ ఒక్కటే ఎవరికీ సిగ్గుపడకుండా పెరిగింది. ఉద్యోగం పోయిన నష్టం రెండు నెలల్లో పూడింది, ఇంకో మిల్లులో పని దొరికింది. ఆ అబద్ధం కోసం తెచ్చిన అప్పు తీరడానికి మూడేళ్లు పట్టింది.

అందుకని మొట్టమొదటి మాట ఇది. పని పోయిన రోజే ఇంట్లో చెప్పండి. ఆ రాత్రే. చెప్తే అమ్మ ఏడుస్తుందేమో, నాన్న తిడతాడేమో. ఏడిస్తే ఏడవనీయండి. తెల్లారేసరికి ఇంటిల్లిపాదీ ఏ ఖర్చు ఆపాలి, ఏ చీటీ ఆపాలి అని ఆలోచిస్తారు. మీరొక్కరే మోస్తే మాత్రం ఆ బరువుని వడ్డీ వ్యాపారో, ఫోన్లో లోను యాపో వచ్చి "నేను మోస్తా" అంటుంది.

ఆ సిగ్గు ఎక్కణ్ణుంచి వచ్చిందో కూడా కాస్త చూద్దాం. ఎందుకంటే మన వాళ్లలో అది రెట్టింపు ఉంటుంది. కాలనీలో మొదటిసారి ప్యాంటు వేసుకుని డ్యూటీకి పోయిన పిల్లాడు వాడే అయి ఉంటాడు. వాడి ఉద్యోగం వాడొక్కడిది కాదు, గూడెం మొత్తం చెప్పుకునే మాట. అది పోతే "చూశారా, ఎరుకలోడు ఎన్నాళ్లు చేస్తాడు", "యానాదోడు నిలకడగా ఉంటాడా" అని ఊళ్లో అంటారని భయం. అంటారు కూడా. అందుకే ఈ మాటకు జవాబు చరిత్రలో వెతకాలి.

మన అద్దంకికి శాసనాల్లో పెద్ద పేరు. క్రీస్తు శకం 848 నాటి పండరంగని శాసనం ఇక్కడిదే. తెలుగులో పద్యం కనపడే తొలి శాసనాల్లో ఒకటని పిల్లలకి పాఠాల్లో చెప్తారు, ఛందస్సు తరువోజ అని కూడా చెప్తారు. అందులో ఉన్న సంగతేంది? ఆ సేనాపతి పన్నెండు బోయ కొట్టాలను పట్టుకున్నాడని. మన ఊరి తొలి పద్యం బోయల నివాసాలు పోయిన సంగతి చెప్తుంది. నేను పద్యాన్ని తప్పు పట్టడం లేదు. ఎవరి విజయం రాతి మీద నిలిచిందో, ఎవరి నష్టం దాని కిందపడి ఉందో చూడమంటున్నా.

ఇంకొంచెం దగ్గరకి వద్దాం. మా ఎరుకల వాళ్లకి ఒకప్పుడు నికరమైన పని ఉండేది. కోస్తాలో ఉప్పు ఎత్తుకుని, గాడిదల మీద, ఎద్దుల మీద వేసుకుని లోపలి ఊళ్లకి పోయేవాళ్లు. అక్కడ ధాన్యం తీసుకుని తిరిగొచ్చేవాళ్లు. లంబాడీ, సుగాలి అన్నలది కూడా ఇదే బతుకు, వాళ్ల ఎద్దుల బిడారాలు ఇంకా పెద్దవి. పందొమ్మిదో శతాబ్దంలో ఉప్పు మీద తెల్లదొరల సర్కారు పట్టు బిగించింది, పన్ను వేసింది. ఆ తర్వాత రైలొచ్చింది. ఉప్పు, ధాన్యం రైలెక్కినయి. గాడిద మీద మోసుకొచ్చే వాడితో ఎవరికి పని? ఒక్క మనిషికి కాదు, మొత్తం జాతికే ఉద్యోగం పోయింది. ఇదంతా ఊహించి చెప్పడం లేదు. మీనా రాధాకృష్ణ అనే చరిత్రకారిణి 2001లో ఇంగ్లీషులో ఒక పుస్తకమే రాసింది, కొరవ, ఎరుకల వాళ్ల మీద.

పని పోయిన వాళ్లకి సర్కారు ఏం చేసింది? నేరస్థ జాతులని పేరు పెట్టింది. 1871లో ఉత్తరాదిన మొదలైన చట్టం, 1911 చట్టంతో మన మద్రాసు ప్రెసిడెన్సీకి కూడా వచ్చింది. 1913లో బాపట్ల, చీరాల మధ్య స్టువర్టుపురం సెటిల్‌మెంటు పెట్టి సాల్వేషన్ ఆర్మీ చేతిలో పెట్టారు. హాజరు పట్టీ వేసేవాళ్లు, గడప దాటాలంటే చీటీ కావాలి. అదే మనుషుల్ని చీరాల పొగాకు కంపెనీలో కూలికి పంపారు. చూడండి ఎంత తమాషానో! వీళ్లు పనిచేసే రకం కాదని రాసుకున్న సర్కారే వీళ్ల చేత పని చేయించింది. ఆ చట్టం దేశమంతటా పోయింది 1952లో. పేరు మాత్రం పోలేదు. ఇప్పటికీ ఉద్యోగానికి పోయి స్టువర్టుపురం అడ్రసు చెప్తే అవతలి వాడు ఒకసారి తలెత్తి చూస్తాడు.

కాబట్టి తమ్ముడూ, నీ ఉద్యోగం పోయిందంటే నీలో ఏదో లోటుందని అనుకోబాకు. మన వాళ్ల పనులు ఎట్టా పోయాయో, ఎవరు తీసేశారో లెక్క ఉంది.

ఇప్పుడు ఈ రోజుల సంగతి. ఇక్కడ వెనక వరసలో కూర్చున్న వాళ్లలో సగం మంది వాలంటీర్లు చేసినోళ్లే. చేతులెత్తండి... చూశారా. 2019 ఆగస్టు 15న మొదలైంది. యాభై ఇళ్లకి ఒకరు, నెలకి 5,000. రాష్ట్రం మొత్తం 2 లక్షల 60 వేల మంది దాకా. మన కాలనీల్లో ఆడపిల్లలకి ఊరు దాటకుండా దొరికిన మొదటి పని అది. ఒకటో తారీకు పొద్దున్నే అవ్వ చేతిలో పింఛను పెట్టినప్పుడు ఆ అవ్వ చూసే చూపు ఉంది గదా, దానికోసం చేశామని ఒక చెల్లి నాతో అంది. 2024 ఎన్నికల ముందు ఏం జరిగిందో మీకు నేను చెప్పక్కర్లేదు. పింఛన్ల పని నుంచి పక్కన పెట్టారు. లక్ష మందికి పైగా రాజీనామాలు చేశారు, చాలామంది చేత చేయించారు. పదివేలు ఇస్తామన్న మాట కూడా అప్పుడే విన్నాం. జులై నుంచి పింఛన్లు సచివాలయం వాళ్లు ఇచ్చారు. నవంబరులో శాసన మండలిలో ప్రభుత్వం చెప్పింది ఏందంటే, 2023 ఆగస్టు తర్వాత వీళ్లని పొడిగిస్తూ ఉత్తర్వే లేదు, లేని వాళ్లని కొనసాగించడం ఎట్టా అని.

ఆ పార్టీ మంచిదా, ఈ పార్టీ మంచిదా అనే గొడవలోకి నేను పోను. ఒకరు ఉత్తర్వు పొడిగించకుండా పని చేయించుకున్నారు, ఇంకొకరు ఆ ఉత్తర్వు లేదని చూపించి చేతులు దులుపుకున్నారు. మధ్యలో ఇల్లిల్లూ తిరిగిన పిల్ల ఎక్కడుంది? "గౌరవ వేతనం" అనే మాట చూడండి. వేతనం అంటే నోటీసు ఇవ్వాలి, పీఎఫ్ కట్టాలి, తీసేస్తే పరిహారం ఇవ్వాలి. ముందర "గౌరవ" అని చేర్చేసరికి ఇవేవీ అక్కర్లేకుండా పోయినయి. అదే ఏడు అక్టోబరులో సర్కారు మద్యం షాపులు ప్రైవేటుకి పోయినప్పుడు సేల్స్‌మెన్, సూపర్‌వైజర్లు వేలమంది రోడ్డున పడ్డారు. వాళ్లలో కూడా మన పిల్లలున్నారు. ఇకమీదట ఏ పనిలో చేరినా మొదటి రోజే అడగండి: అప్పాయింట్‌మెంటు కాగితం ఏది? ఎవరి పేరు మీద జీతం పడుతుంది? కంపెనీయా, కాంట్రాక్టరా? అడిగితే ఉద్యోగం ఇవ్వరేమో అని భయమేస్తే, కనీసం గేటు పాసు, హాజరు చీటీ, జీతం పడ్డ బ్యాంకు మెసేజి ఇవన్నీ ఫోటో తీసి పెట్టుకోండి. రేపు నువ్వు అక్కడ పనిచేశావని చెప్పేది అవే.

ఇక ఉద్యోగం పోయిన వాడు ఏం చేస్తాడు? ఊరికొస్తాడు. నార్కెట్‌పల్లి రోడ్డెక్కి హైదరాబాదు పోయినవాడు అదే రోడ్డు మీద తిరిగొస్తాడు. ఊళ్లో ఏముంది? మిరప కోత కూలి ఉంటుందనుకుంటాం. ఈ ఏడు చూశారు గదా, మిర్చి ధర పడిపోయి కేంద్రం క్వింటాకి 11,781 రూపాయల లెక్క కట్టి ఆదుకుంటామని చెప్పాల్సొచ్చింది. నల్ల బర్లీ పొగాకు కంపెనీలు కొనకపోతే రైతులు రోడ్లెక్కారు, చివరికి మార్క్‌ఫెడ్ చేత కొనిపించారు. రైతు దగ్గరే లేనప్పుడు కూలి ఎక్కడిది? రైతు ఆత్మహత్య పేపర్లో వస్తుంది. ఆ చేలో కోతకి రావాల్సిన యానాది కుటుంబం వలసపోయిన సంగతి మాత్రం ఎవరూ రాయరు.

అప్పుడు రెండు దారులు కనపడతాయి. ఒకటి క్వారీ. మొన్న ఆదివారం, ఆగస్టు 3న, మన నియోజకవర్గంలోనే బల్లికురవ దగ్గర గ్రానైటు క్వారీలో బండ విరిగిపడి ఆరుగురు ఒడిశా కార్మికులు చనిపోయారు. వాళ్లు కూడా వాళ్ల ఊళ్లో పని లేక ఇంత దూరం వచ్చిన వాళ్లే. ఇంకా వారం కూడా కాలేదు. వాళ్ల కోసం ఒక్క నిమిషం లేచి నిలబడదాం.

(సభ మౌనం పాటించింది.)

కూర్చోండి.

రెండో దారి అడ్వాన్సు. ఇది క్వారీ కంటే నెమ్మదిగా చంపుతుంది కాబట్టి దీని గురించి కొంచెం ఎక్కువ చెప్తా. ఉద్యోగం పోయి నెల గడిచాక, ఇంట్లో బియ్యం అడుగంటాక, ఒక మేస్త్రీ వస్తాడు. చాలా మర్యాదగా వస్తాడు. "ఇటుక బట్టీలో ఆరు నెలలు, ఆలుమగలిద్దరూ రండి, ఇదుగో ఇరవై వేలు" అంటాడు. ఇటుక బట్టీ కాకపోతే జామాయిల్ నరకడం, రొయ్యల చెరువు కాపలా, బాతులు మేపడం. డబ్బు చేతిలో పడేసరికి అది జీతంలా అనిపిస్తుంది. అది అప్పు. ఆ అప్పు కింద నువ్వు తాకట్టు. లెక్క వాడి పుస్తకంలో ఉంటుంది, వాడే రాస్తాడు. జ్వరమొచ్చి పడుకున్న రోజు, పండక్కి పోయిన రోజు, బియ్యం తెప్పించుకున్న రోజు అన్నీ అప్పు వైపే చేరతాయి.

ఈ మే నెలలో పేపర్లలో వచ్చింది, చదివారా? తిరుపతి జిల్లాలో మన యానాది కుటుంబం బాతుల వాడి దగ్గర పాతికవేలు తీసుకుంది. వెళ్లిపోతామంటే ఇంకా ఎక్కువ కట్టమన్నాడు. డబ్బు తెచ్చేదాకా కొడుకుని ఉంచి పొమ్మన్నాడు. తల్లి డబ్బు సమకూర్చుకుని ఫోను చేస్తే పిల్లాడు లేడన్నాడు. చివరికి ఆ బిడ్డ శవం తమిళనాడులో కాంచీపురం దగ్గర పూడ్చిన చోట దొరికింది. తొమ్మిదేళ్ల పిల్లాడు. ఇది వందేళ్ల కిందటి సంగతి కాదు, మొన్న మేలో బయటపడింది.

వెట్టి చాకిరీ రద్దు చట్టం వచ్చింది 1976లో. ఆ చట్టం ప్రకారం అట్టాంటి అప్పు చెల్లదు, తీర్చక్కర్లేదు. అప్పుందని మనిషిని ఆపితే, వేరే పనికి పోనీయకపోతే, పిల్లల్ని ఉంచుకుంటే అది నేరం. కలెక్టరు, ఆర్డీఓ విచారించి విడుదల చేయించాలి. విడిపించిన మనిషికి వెంటనే 30,000 రూపాయల దాకా సాయం ఇవ్వొచ్చని కేంద్ర పథకంలో ఉంది, పునరావాసం సొమ్ము దాని మీద వేరే. ఈ విషయం మేస్త్రీకి తెలుసు. మనకి తెలియదని కూడా వాడికి తెలుసు. పని పోయిన ఇంటికి అడ్వాన్సు పట్టుకుని ఎవడొచ్చినా, డబ్బు ముట్టుకోకముందే కాలనీలో నలుగురిని పిలవండి. ఎంత ఇస్తున్నాడు, రోజు కూలి ఎంత, ఎన్ని రోజులు, పుస్తకం మన దగ్గర కూడా ఉంటుందా అని నలుగురి ముందర అడగండి. నిజంగా కూలికి పిలిచే వాడైతే నలుగురి ముందు చెప్పడానికి జంకడు.

మరి అడ్వాన్సు తీసుకోబాకండి అంటే, అన్నం ఎట్టా అని అడుగుతారు. న్యాయమే. ఆ పూటకి కావాల్సినవి, మనకి రావాల్సినవి చెప్తా. కొన్ని పొడిపొడిగా ఉంటాయి, ఓపిక పట్టండి.

మిల్లులోనో, క్వారీలోనో, కోల్డు స్టోరేజీలోనో తీసేశారంటే మొదట చేయకూడని పని ఒకటుంది. "స్వచ్ఛందంగా మానేస్తున్నాను" అని రాసిన కాగితం మీద సంతకం పెట్టబాకండి. తెల్ల కాగితం మీద అసలే పెట్టబాకండి. ఆఖరి నెల జీతం ఆపి సంతకం అడుగుతారు, అది వాళ్ల అలవాటు. నువ్వే మానేశావని రాసిస్తే నీకు పరిహారం రాదు. ఏడాదిలో 240 రోజులు పనిచేసిన కార్మికుణ్ణి పని లేదని తీసేయాలంటే నెల ముందు నోటీసో, నెల జీతమో ఇవ్వాలి. చేసిన ప్రతి ఏడాదికీ పదిహేను రోజుల సగటు జీతం ఇవ్వాలి.  తీసేసిన వాడి బాకీ జీతం రెండో పనిదినం గడిచేలోపు చేతిలో పెట్టాలి. అయిదేళ్లు నిండితే గ్రాట్యుటీ అడగాలి. నేను ఆరేళ్లు చేసి ఒక్క రూపాయి తెచ్చుకోలేదు, ఎందుకంటే అడగాలని తెలియదు.

అడిగితే ఇవ్వకపోతే లేబర్ ఆఫీసుకి రాతపూర్వకంగా ఇవ్వండి, నకలు మీద ముద్ర వేయించుకోండి. నలభై అయిదు రోజుల్లో తెగకపోతే లేబర్ కోర్టుకి నేరుగా పోవచ్చు. లాయరు ఫీజు ఎక్కణ్ణుంచి తేవాలంటారా? ఎస్టీలకి ఆదాయం ఎంతున్నా ఉచిత న్యాయ సహాయం ఇవ్వాలని 1987 చట్టంలోనే ఉంది. కోర్టు ఆవరణలో న్యాయ సేవా కమిటీ ఉంటుంది, 15100కి ఫోను చేసినా చెప్తారు. కుల సర్టిఫికెట్టు ఉద్యోగానికే పనికొస్తుందనుకుంటాం, దీనికీ పనికొస్తుంది.

పీఎఫ్ కట్ అయిన వాళ్లు యూఏఎన్ నంబరు ఎక్కడో రాసి పెట్టుకోండి. ఉద్యోగం పోగానే మొత్తం తీసేసే తొందర మనలో ఎక్కువ. కొంత అవసరానికి తీసుకోండి గానీ, పదేళ్ల సర్వీసు నిండితే పింఛను వస్తుందని మర్చిపోబాకండి. ఏడెనిమిదేళ్లు చేసి ఆ పింఛను డబ్బు కూడా ఊడ్చేసుకున్న వాళ్లని చూశా. ఈఎస్‌ఐ కట్టిన వాళ్లకి 2018 నుంచి ఇంకో వెసులుబాటు ఉంది. అటల్ బీమిత్ వ్యక్తి కళ్యాణ్ యోజన అని పేరు. ఉద్యోగం పోతే రోజు సగటు జీతంలో సగం చొప్పున తొంభై రోజుల దాకా ఇస్తారు. చందా కట్టిన రోజుల షరతులున్నాయి. ఈఎస్‌ఐ ఆఫీసుకే పోయి అడగాలి, వాళ్లంతట వాళ్లు పిలిచి ఇవ్వరు.

ఉపాధి హామీ గురించి చదువుకున్న పిల్లలు మొహం చిట్లిస్తారు. బీకాం చదివి మట్టి తవ్వాలా అని. రోజుకి 307 రూపాయలు 2025లో మన రాష్ట్రంలో రేటు. కొలతలు సరిగ్గా పడితే. పది రూపాయల వడ్డీ కంటే మట్టి మేలు, అది నా అనుభవం. ఉద్యోగానికి పోయినప్పుడు జాబ్ కార్డులోంచి మీ పేరు తీసేసి ఉంటారు, ముందు అది ఎక్కించుకోండి. పని కావాలని రాసిచ్చి, తారీకు వేసిన రసీదు తీసుకోండి. పదిహేను రోజుల్లో పని చూపించకపోతే నిరుద్యోగ భృతి ఇవ్వాలని చట్టం. ఆ రసీదు ఇవ్వడానికి ఎందుకు అంత గింజుకుంటారో మీకు ఇప్పుడు అర్థమై ఉంటుంది.

యానాది తమ్ముళ్లు నెల్లూరు ఐటీడీఏని వదలబాకండి. మనది షెడ్యూల్డు ఏరియా కాదు, మైదానం. ఏజెన్సీ అన్నలకి ఉన్న రక్షణలు మనకి లేవు. వాళ్లకి ఉన్నవీ జారిపోతున్నాయి, అది వేరే సంగతి. 2000లో వచ్చిన జీఓ 3, ఏజెన్సీ టీచరు పోస్టులన్నీ స్థానిక ఆదివాసులకే అనే జీఓని, 2020 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు కొట్టేసింది. అప్పటికే చేరిన వాళ్ల ఉద్యోగాలు పోలేదు, కానీ చేరబోయే పిల్లల ఉద్యోగాలు పోయినయి. చేతిలోకి రాకముందే పోయిన ఉద్యోగాన్ని ఉద్యోగం పోవడమని ఎవరూ అనరు. దాని కోసం ఈ మేలో కూడా ఏజెన్సీలో బంద్ చేశారు. మనం ఇక్కణ్ణుంచి కనీసం ఒక మాట సాయం చేయాలి.

ఇంతవరకు డబ్బు సంగతి. మనసు సంగతి ఒకటుంది. మన మీటింగుల్లో దాన్ని దాటేస్తుంటాం.

గుండ్లకమ్మ గట్టున కూర్చున్న ఆ ఇరవై రెండు రోజుల్లో నాకు మంచి ఆలోచనలేమీ రాలేదు. పక్కనే ఇంకో ఇద్దరు ఉండేవాళ్లు, వాళ్లూ నాలాంటి వాళ్లే. మధ్యాహ్నం సీసా తెచ్చేవాళ్లు. నేను తాగలేదని గొప్ప చెప్పను, తాగాను. ఇంకో నెల అట్టాగే ఉంటే ఏమయ్యేవాణ్ణో నాకు తెలుసు. పొద్దున లేవగానే పోవాల్సిన చోటు లేకపోవడం అనేది ఆకలి కంటే వేరే రకం బాధ. దానికి ఒకటే పని చేయండి. ఖాళీగా ఉన్నా టైముకి లేచి, స్నానం చేసి, ఎక్కడికో ఒకచోటికి పోండి. లైబ్రరీకి పోండి. కాలనీ పిల్లలకి సాయంత్రం లెక్కలు చెప్పండి. నాన్నతో వలకి పోండి, అమ్మతో బుట్ట అల్లండి. అది మీ కొత్త ఉద్యోగమని నేను అనడం లేదు. పొద్దు గడవాలి, చెయ్యి ఆడాలి, అంతే.

రాత్రిళ్లు నిద్ర పట్టక, బతకాలనిపించక పోతే 14416కి ఫోను చేయండి. టెలిమానస్ అని సర్కారు నంబరు, డబ్బు కట్టక్కర్లేదు, తెలుగులో మాట్లాడతారు. అర్ధరాత్రి అయినా ఎత్తుతారు. లోను యాపు వాడు ఫోటోలు మార్చి బంధువులకి పంపుతానని బెదిరిస్తే 1930కి చెప్పండి, మాకూ చెప్పండి. ఆ ఫోటో చూసి మేమెవరం మిమ్మల్ని తక్కువ చేయం. కాలనీలో పెద్దలకి ముందే చెప్పి ఉంచుతాం.

ఒక్కడివే పోతే గేటు దగ్గర వాచ్‌మన్ కూడా లోపలికి రానివ్వడు. తెలంగాణలో ఉపాధి హామీ ఫీల్డ్ అసిస్టెంట్ల సంగతి చూడండి. 2020 మార్చిలో, సమ్మె చేశారని ఏడున్నర వేల మందికి పైగా తీసేశారు. రెండేళ్లు పైగా తిరిగారు. కలెక్టరేట్లు, ధర్నాలు, వినతులు. కరోనా కూడా మధ్యలో వచ్చింది. కొందరు కూలికి పోయారు, కొందరు ఆశ వదులుకున్నారు. చివరికి 2022 ఆగస్టులో తిరిగి తీసుకున్నారు. నేను వాళ్లలో ఒకాయన్ని కలిశా. "రెండేళ్లు ఎట్టా పట్టుకున్నారన్నా" అంటే, నెలకోసారి మండలంలో అందరం కలిసేవాళ్లం, కలిసినప్పుడు ఎవరింట్లో పొయ్యి వెలగడం లేదో తెలిసేది, తలా ఇంత వేసేవాళ్లం అన్నాడు. ధర్నా సంగతి పేపర్లో వచ్చింది గానీ, ఆ తలా ఇంత వేసుకోవడం ఎక్కడా రాలేదు.

మాజీ వాలంటీర్లు, మద్యం షాపుల్లో చేసినోళ్లు, మిల్లు మానిపించిన వాళ్లు, క్వారీలో చేసేవాళ్లు వేరువేరుగా ఉన్నంతకాలం వేరువేరు సమస్యల్లా కనపడతాయి. ఎరుకల, యానాది, సుగాలి కూడా అంతే. టీ కొట్టు దగ్గర ఆ నలుగురు పిల్లలు ఒకే బెంచీ మీద కూర్చున్నారు. ముగ్గురు ఫోన్లోకి చూశారని చెప్పా గదా. పక్కవాడి ఉద్యోగం కూడా పోయిందని వాళ్లలో ఒకరికి ఇంకొకరు చెప్పుకోలేదంట. నేను అడిగాకే తెలిసింది వాళ్లకి.

వచ్చే ఆదివారం పొద్దున తొమ్మిదికి ఇదే చోట కూర్చుందాం. ఉపన్యాసాలు ఉండవు. ఆధార్, కుల సర్టిఫికెట్టు, బ్యాంకు పాసుబుక్కు, జీతం మెసేజీలున్న ఫోను, పీఎఫ్ నంబరు ఉంటే అది తెచ్చుకోండి. ఎవరికి ఎంత బాకీ రావాలో ఒక్కొక్కరిదీ కాగితం మీద రాసి, సోమవారం లేబర్ ఆఫీసుకి అందరం కలిసి పోదాం. అడ్వాన్సు తీసుకున్న కుటుంబాలుంటే నా చెవిలో చెప్పండి, పేర్లు బయటికి రావు. రాలేకపోతే ఫోను చేయండి. ఇంట్లో ఇంకా చెప్పని వాళ్లు మాత్రం ఆదివారం దాకా ఆగబాకండి.

జోహార్.